ఆటచీట్లు – వంతుల న్యాయము



ఈ సాయంకాలము నేను ప్రసంగింప బూనినది కాలిబంతి ఆటను గుఱించి కాదు. ఆ ఆటను చూడగోరువారికి టిక్కెట్లు పంచు పద్ధతిని గుఱించి. అందులోను ముఖ్యముగా, ఏడాది పొడవునకు ముందే పైకము చెల్లించి హక్కు సంపాదించుకొన్నవారు ఎక్కువయు, పంచవలసిన టిక్కెట్లు తక్కువయు ఐనప్పుడు ఎవరికి ఈయవలెను, ఎవరికి లేదనవలెను అను ప్రశ్నను గుఱించి. పొలముపని ముగించుకొని, కాళ్లు కడుగుకొని కూర్చున్న పెద్దమనుష్యులకు ఆటల గొడవ యెందులకని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. కాని పంపకమనునది మీరెఱుగని విద్య కాదు. అన్నదమ్ముల భాగములు, చెఱువునీటి వంతులు, జాతరలో అంగళ్ల చోట్లు, ఇవి యన్నియు మీ యరుగుల మీదనే తీఱినవి. ఇప్పుడు మీ మనుమలు తెచ్చు తగవులు వేఱు. మా కొత్తకోటలో అట్టి తగవొకటి నా యింటికే వచ్చినది. దాని సంగతి తరువాత చెప్పెదను.

మొదట సీజను టిక్కెట్టనగా నేమో చెప్పవలెను. మదనాపురమునందలి మన వనపర్తి రోడ్డు స్టేషనునుండి నిత్యము రైలెక్కి పోవు ఉద్యోగస్థుడు రోజురోజును కిటికీవద్ద నిలువక, ఒక్కమాఱే రూకలు చెల్లించి సీజను టిక్కెట్టు తీసికొనును గదా. ఇదియు నట్టిదే. ఇంగ్లండు దేశమున అభిమాని తన జట్టు సొంత మైదానమున ఆ యేడు ఆడు లీగు ఆటలన్నింటికిని ఒక్కమాఱే సొమ్ము చెల్లించి ఒక కుర్చీని తనదిగా జేసికొనును. అక్కడి పెద్ద పోటీలో 20 జట్లున్నవి. ప్రతి జట్టును ఏడాదికి 38 ఆటలాడును. అందు 19 సొంత గడ్డమీద, 19 పరాయి గడ్డమీద. సొంత గడ్డమీది ఆటలకు సీజను టిక్కెట్టుదారునకు చింత లేదు, కుర్చీ అతనిది. ఆ కుర్చీకొఱకై జాబితాలో పేరు వ్రాయించుకొని యేండ్ల తరబడి వేచియుండువారు కలరు.

చిక్కు పరాయి గడ్డమీది ఆటలతో వచ్చును. అతిథిజట్టు వెంట వచ్చువారికి ఆతిథ్యమిచ్చు మైదానమువారు 3,000 టిక్కెట్లు ఈయవలెననియు, మైదానము 30,000 మంది కంటె తక్కువ పట్టునదైనచో అందు పదవవంతు ఈయవలెననియు అక్కడి నియమము. మాంచెస్టరులోని ఓల్డుట్రాఫర్డు మైదానమున 74,000 మంది కూర్చుందురు. అట్టి జట్టునకు సీజను టిక్కెట్టుదారులే పదులవేల సంఖ్యలో నుందురు. ఆ జట్టు ఊరు దాటి ఆడబోవునప్పుడు మూడువేల చీట్లు ముందు పెట్టుకొని అన్ని పదులవేలమంది హక్కుదారుల మొగము చూడవలెను. ఇక కప్పు తుదిపోటీ వచ్చినచో చెప్పనక్కఱ లేదు. లండనులోని వెంబ్లీ మైదానమున 90,000 కుర్చీలున్నను, ఆటసంఘములవారికిని, సొమ్మిచ్చి పోషించు వర్తకులకును పంచగా, ఒక్కొక్క జట్టునకు వచ్చునది మూడవవంతునకు కొంచె మటునిటు.

ఇందఱును హక్కుదారులే. ఇదియే ఈ ప్రశ్నలోని ముల్లు. హక్కు లేనివానిని పొమ్మనుట సులభము. హక్కున్నవానిని ఈమాటికి పొమ్మనుటకే న్యాయము కావలెను.

చెఱువు సంగతి తలచుడు. ఆబి పంట కోసిన పిమ్మట చెఱువులో నీరెంత మిగిలినదో చూచి, తాబిలో ఇన్ని యెకరములే సాగని కట్టడి చేయుటను మన తెలంగాణమున తైబందీ యనుచుండిరి. ఆయకట్టు నూఱెకరములైనను నీరు నలుబదికే చాలునన్నచో నలుబదికే కట్టడి. సింహళద్వీపమున దీనికి దగ్గఱగా 'బెత్మ' యను ఆచారము కలదు. అక్కడ కఱవుకాలమున చెఱువునకు దాపుననున్న భూమిని మాత్రమే సాగుచేసి, దూరపు మళ్లవారికి గూడ ఆ భూమిలోనే ఆ పంటవఱకు తునకలు పంచియిత్తురు. తూము దగ్గఱ మడి గలవాడు తన మడిలో పొరుగువాని నాగలికి చోటిచ్చునన్నమాట. ఎంత పెద్దమనసు కావలెనో ఆలోచింపుడు! ఐనను ఆ మనసు ఊరక రాదు. చెఱువులో నీరెంతయున్నదో వాని కన్నులకు గూడ కనబడుచున్నది గనుక వచ్చినది. దాచిన నీటిని పంచుటకు ఎవడును ఒప్పుకొనడు.

కాని నీటికి గల సుగుణము కుర్చీకి లేదు. నీరు తగ్గినచో తలకొక గడియ తగ్గింపవచ్చును. కుర్చీని నలుగురికి నాలుగు ముక్కలు చేయరాదు. మొదటి సగము ఒకడును, రెండవ సగము ఒకడును చూతమన్నచో ద్వారమువద్దనున్నవాడు ఒప్పుకొనడు. వాడొప్పుకొన్నను, గోలు ఏ సగమున పడునో ఎవరెఱుగుదురు? కనుక ఒకనికి నిండుగ, మఱొకనికి సున్న. ఇట్టి వస్తువున సమభాగమను మాట నిలువదు. సమభాగము లేనిచోట సమానమైన వంతును ఎట్లు కల్పింపవలెననునదే మన ముందున్న పని.

పంపకమే చేయక వదలిపెట్టినచో ఏమగునో వెంబ్లీ మైదానమే ఒకమాఱు చూపినది. 1923 ఏప్రిల్ 28న ఆ మైదానమును క్రొత్తగ తెఱచిరి. బోల్టను జట్టునకును వెస్టుహాము జట్టునకును తుదిపోటీ. 1,26,000 మంది పట్టు మైదానము చాలకపోవునా యని తలచి, టిక్కెట్లలో ఎక్కువభాగమును ముందుగ అమ్మక, ద్వారమువద్ద పైకము చెల్లించి లోనికి రండనిరి. రెండు లక్షలకు పైగ జనము వచ్చిరని అంచనా. గోడలు దూకిరి, తలుపులు త్రోసిరి, ఆటస్థలమంతయు నిండిపోయిరి. సాక్షాత్తు ఐదవ జార్జి చక్రవర్తి వచ్చి కూర్చున్నను బంతి పెట్టుటకు చోటు లేదు. బిల్లీ యను తెల్లగుఱ్ఱము నెక్కిన పోలీసొకడును, అతని తోడివారును మెల్లమెల్లగ జనమును అంచులకు జరుపగా, సుమారు ముప్పావుగంట ఆలస్యముగ ఆట మొదలైనది. పలువురు గాయపడిరి. ఆ తరువాతి తుదిపోటీలకు టిక్కెట్లు ముందుగనే పంచుట మొదలుపెట్టిరి. గుఱ్ఱమునకు మాత్రము గొప్ప కీర్తి దక్కినది. నేటికిని ఆ పోటీని తెల్లగుఱ్ఱపు పోటీ యనియే పిలుతురు. పంపకము మఱచిన పెద్దల పేర్లు ఎవరును తలచుకొనరు.

మన హైదరాబాదునకు వత్తము. కాలిబంతికి ఈ నగరము ఒకప్పుడు పెట్టినది పేరు. సయ్యదు అబ్దుల్ రహీముగారు తీర్చిదిద్దిన నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగ ఐదేండ్లు రోవర్సు కప్పును గెలిచినది. 1956లో మెల్బోర్ను ఒలింపిక్సున మన దేశపు జట్టు నాలుగవ స్థానమున నిలుచుటయు, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణపతకము గెలుచుటయు ఆయన శిక్షణలోనే. 2019లో పుట్టిన హైదరాబాదు జట్టు 2022 మార్చి 20న గోవాలో కేరళజట్టు నోడించి దేశపు లీగు పోటీని గెలిచినది. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయినది. నేడు మన పిల్లలు టిక్కెట్టుకై త్రొక్కులాడుకొనునది క్రికెట్టునకే. కావున మన పాఠమును ఆ మైదానమువద్దనే నేర్చుకొనవలసి యున్నది.

2019 డిసెంబరు 6న ఉప్పలులో వెస్టిండీసుతో ఆట జరిగినది. ఆ పిమ్మట దాదాపు మూడేండ్లు హైదరాబాదున అంతర్జాతీయపు ఆట లేదు. 2022 సెప్టెంబరు 25న ఆస్ట్రేలియాతో ఆట యనగానే ఆకలిగొన్నవానికి వంటవాసన తగిలినట్లైనది. సెప్టెంబరు 22న సికిందరాబాదు జింఖానా మైదానమున టిక్కెట్లు అమ్ముదురని విని తెల్లవాఱకమునుపే వేలకొలది జనము బారులు తీఱిరి. త్రోపులాట జరిగినది. కొందఱు క్రింద పడిరి. పోలీసులు లాఠీలెత్తిరి. గాయపడినవారిని ఆసుపత్రికి గొనిపోయిరి.

నన్నడిగినచో, ఆనాడు జనమునకు మతి పోగొట్టినది టిక్కెట్లు తక్కువగుట కాదందును. మొత్తము కుర్చీలెన్ని, అందు ముందే అమ్ముడుపోయిన వెన్ని, ఊరక యిచ్చిన వెన్ని, ఈ కిటికీవెనుక మిగిలిన వెన్ని యను నాలుగు లెక్కలు బారులో నిలుచున్నవానికి తెలియవు. తెలిసియున్నచో, తనవఱకు రాదని యెఱిగినవాడు తలగుడ్డ దులుపుకొని యింటికి పోయియుండును. తెలియనివానికి ఆశ చావదు. ఆశ చావనివాడు ముందటివాని వీపుమీద చేయి వేయును. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనపు టోకెన్లకై వచ్చిన భక్తులలో ఆఱుగురు త్రొక్కిసలాటలో ప్రాణములు గోల్పోయిరి. ఆటకును దేవునికిని పోలికయా యని కోపింపకుడు. పోలిక దేవునితో కాదు, బారుతో.

ఊరక యిచ్చు టిక్కెట్ల సంగతి యెత్తితిని గనుక మఱొక మాట. 2025 వసంతమున ఉప్పలు మైదానమున ఆడు హైదరాబాదు జట్టు యజమానులకును, రాష్ట్రపు క్రికెట్టు సంఘమునకును ఈ ఊరక టిక్కెట్ల మీదనే రచ్చకెక్కిన వివాదము వచ్చినది. సుమారు 39,000 కుర్చీలలో పదవవంతు, అనగా 3,900 టిక్కెట్లు సంఘమునకు ఉచితముగ పోవుచుండగా, అంతకు మించి కోరుచున్నారని యజమానుల ఆరోపణ. కాదని సంఘమువారి సమాధానము. ప్రభుత్వము విచారణకు ఆదేశించినది. ఎవరిది ఒప్పో తేల్చుట నా పని కాదు. పదవవంతు ఊరక పోవుచున్నదను సంగతియే ఆ తగవు రాకముందు బారులో నిలుచువారిలో ఎందఱికి తెలియును? గ్రామమున నీరటికాడు రాత్రివేళ తూము పైకెత్తినచో తెల్లవాఱునప్పటికి ఊరంతయు మాటలాడుకొనును. పట్నపు తూములు లోపలి గదులలో నుండును. పదవవంతు ఈయవలసియే యున్నచో ఇండు. కాని తొమ్మిది వంతులే పంపకమునకు మిగిలినవని పలకమీద వ్రాయుడు.

ఇక లెక్క తేలిన పిమ్మట ఎవరికీయవలెను? 'ముందు వచ్చినవానికి ముందు' అను న్యాయము వినుటకు చక్కనిది. కాని ముందు ఎవడు రాగలడు? ఉప్పలులో ఇల్లున్నవాడు. కొత్తకోటనుండి హైదరాబాదు సుమారు 130 కిలోమీటర్లు. దినకూలి మానుకొనలేనివాడును, రాత్రి బస్సున ఒంటరిగ పోలేని ఆడుబిడ్డయు ఎన్నడును ముందు రాలేరు. చేతిలోని ఫోనుమీద అమ్మినను అదే కథ. వేగము గల ఫోనున్నవానికి దొరకును. మన పల్లెలో సంకేతమందక గిఱ్ఱున తిరుగుచున్న చక్రమును చూచుచు కూర్చున్నవానికి, అది నిలుచునప్పటికి టిక్కెట్లు ఐపోవును. 'ఎక్కువ యిచ్చినవానికి' అనునది వేలము. అది హక్కుదారుల నడుమ పనికిరాదు. అందఱును ఒకే చందా కట్టినవారైనప్పుడు మరల సంచి బరువును తూచుట న్యాయము కాదు. ఇంగ్లండున అతిథులుగ వచ్చువారి టిక్కెట్టునకు 30 పౌనులకు మించి పుచ్చుకొనరాదని 2016లో కట్టడి చేసిరి. కూలివాని కేకలు లేని ఆటకు కళ లేదని వారికి తెలిసినది కాబోలు.

అక్కడి సంఘములు చాలవఱకు అవలంబించిన మార్గము విశ్వాసపు పాయింట్లు. పరాయి ఊరి ఆటకు పోయినప్పుడెల్లను పేరునకెదురుగ ఒక గుర్తు పడును. ఎక్కువ గుర్తులున్నవారికి ముందు టిక్కెట్టు. ఇందు న్యాయము లేదనలేము. చలిలో, వానలో, వారము నడుమ, పని మానుకొని, ఓడిపోవు జట్టు వెంట ఊరూరు తిరిగినవానికిని, తుదిపోటీనాడు మాత్రమే మెడలో కండువా వేసికొని వచ్చువానికిని భేదముండవలదా? చెఱువుకట్టకు మన్ను మోసినవానికి నీటిలో మాట చెల్లవలెను గదా.

కాని ఈ పద్ధతి పాతబడుకొలది వంకర పోవును. గుర్తులున్నవానికే టిక్కెట్టు, టిక్కెట్టు దొరికినవానికే క్రొత్త గుర్తు. లేనివాడు మొదటి గుర్తును ఎక్కడ తెచ్చుకొనును? ఇరువదేండ్ల క్రింద మొదలుపెట్టిన మూడువేలమంది ఒక కోటయై కూర్చుందురు. వయసు వచ్చిన పిల్లవాడు ఆ కోటగోడ చుట్టును తిరుగును. అంతటితో పోక, కొందఱు పాయింటుకొఱకే టిక్కెట్టు కొని, ఆటకు తాము పోక మఱొకని పంపుదురు. విశ్వాసము సంఖ్యయైనప్పుడు ఆ సంఖ్యను సంపాదించుటకు విశ్వాసముతో పనిలేకపోవును. అందువలన కొన్ని సంఘములు కొంతభాగమును పాయింట్లమీదను, మిగిలినదానిని చీట్లు తీసియు ఇచ్చుచున్నవి. నాకు ఇది నచ్చినది. పాతవారి కష్టము పోలేదు, క్రొత్తవానికి తలుపు మూయలేదు.

చీట్లు తీయుటను జూదమని తీసివేయువారు మనలో కలరు. వారితో నేను ఏకీభవింపను. తమిళదేశమున ఉత్తరమేరూరు గుడిగోడమీద, పరాంతక చోళుని కాలమున, అనగా సుమారు 920 ప్రాంతమున చెక్కించిన శాసనమున్నది. గ్రామసభలోని వారియములకు పెద్దల నెన్నుకొనుటకు తాటాకుల మీద పేర్లు వ్రాసి కుండలో వేయుదురు. ఏమియు నెఱుగని చిన్నబాలునిచే చీటీ తీయింతురు. దానిని పుచ్చుకొనువాడు ఐదు వ్రేళ్లును చాచి, అఱచేయి అందఱికి కనబడునట్లు పుచ్చుకొని చదువవలెను. చేతిలో మఱొక చీటీ దాచుటకు చోటులేకుండ చేసిరన్నమాట! అంతకంటె ముఖ్యమైన మాటలు రెండున్నవి. కడచిన మూడేండ్లలో ఆ పదవి చేసినవాని పేరు కుండలో వేయరాదు. పదవి చేసి లెక్క చూపనివాని పేరు వేయరాదు. వాని బంధువుల పేర్లును వేయరాదు. చూచితిరా, వట్టి అదృష్టము కాదు. అదృష్టమునకు వంతును, లెక్కను కాపలా పెట్టిరి. నేడు తిరుమలలో కొన్ని ఆర్జితసేవల టిక్కెట్లను లక్కీడిప్పున ఇచ్చుచున్నారు. అక్కడ తప్పుగానిది ఆటవద్ద తప్పెట్లగును?

ఇక మా ఊరి సంగతి. నేను బడిపంతులుగ పని విరమించి అరుగుమీద పత్రిక చదువుకొనుచుండు వాడను. మా వీథి కుఱ్ఱవాండ్రు 31 మంది 'ఆటల చీటీ' యని నెలకు నూఱేసి రూపాయలు వేసికొనుచుండిరి. ఆ సొమ్ముతో హైదరాబాదున పెద్ద ఆట వచ్చినప్పుడు టిక్కెట్లు కొని పోవలెనని సంకల్పము. ఒక విధముగ అది వారి సీజను టిక్కెట్టే. నేను చెప్పిన 2022 సెప్టెంబరు ఆటకు ఎంతమంది ఎన్ని ఫోనులమీద ప్రయత్నించినను చేజిక్కినవి 9 టిక్కెట్లు. రెండుదినములు వీథిలో ఒకరితో నొకరు మాటలాడలేదు. మూడవనాడు అందఱును నా యరుగునకు వచ్చిరి.

ఒకడు మొదటి నెలనుండి ఒక్క వాయిదా తప్పలేదనును. ఒకడు తన జీపు లేనిదే మీరెట్లు పోయెదరనును. ఒకడు ఆట సంగతి తనకు తెలిసినంతగ వీరిలో ఎవనికిని తెలియదనును. అది నిజమే గాని, ఆకలి యెక్కువగలవాడు పంక్తిలో రెండు ఆకులు వేసికొనుటకు అర్హుడు కాడు. ఒకే యింటినుండి అన్నయు తమ్ముడును చందాదారులు. ఇద్దఱికిని వచ్చినచో ఎట్లని మఱొకని గొణుగుడు.

నేను మొదట తొమ్మిది టిక్కెట్లను ఫోనులలో నున్నవానిని ఉన్నట్లు అందఱికి చూపింపుమంటిని. చూపించిరి. తొమ్మిదే. సగము కోపము అక్కడనే దిగినది. పండ్రెండున్నవని ఎవడో పుకారు పుట్టించినాడట. తరువాత చందా పుస్తకము తెఱపించితిని. నలుగురు మూడునెలలకు పైబడి కట్టలేదు. ఈమాటికి వారి పేర్లు లేవు. జీపువానికి పెట్రోలును అద్దెయు ఈయవలెనుగాని టిక్కెట్టు కాదని అందఱును ఒప్పుకొనిరి. అన్నదమ్ములు వేఱువేఱుగ చందా కట్టుచున్నారు గనుక ఇద్దఱి పేర్లును ఉండవలసినదే. ఇరువదియేడు చీట్లు వ్రాసి ఇత్తడిచెంబులో వేసి, ఎదురింటి నాలుగేండ్ల పాపచే తీయించితిమి. తొమ్మిది తీసిన పిమ్మట కుఱ్ఱవాండ్రు లేవబోగా, చెంబు ఖాళీయగువఱకు తీయింపుమంటిని. పదవ పేరు మొదలుకొని ఇరువదియేడవ పేరు వఱకు వరుసగ పుస్తకమున వ్రాసి, వచ్చు ఆటకు ఇదే క్రమమనిరి. దక్కనివానికి ఉట్టిచేతులు కాక ఒక సంఖ్య దొరికినది. పదునొకండవవాడు నవ్వుచు ఇంటికి పోయినాడు.

ఆ వచ్చు ఆట 2023 జనవరి 18న న్యూజీలాండుతో జరిగినది. ఎనిమిది టిక్కెట్లు దొరికినవి. పదవవాడు మొదలు పదునేడవవాడు వఱకు పోయిరి. ఆనాడే శుభమన్ గిల్లు 208 పరుగులు చేసినాడు. ఇండియా 12 పరుగుల తేడాతో గెలిచినది. మొదటి తొమ్మండుగురును తమకు ముందు వంతు వచ్చుటయే దురదృష్టమని గోల! అంతకుముందు వారిలోనే ఒకడు తన సెప్టెంబరు టిక్కెట్టును నాలుగింతల వెలకు పట్నమున అమ్ముకొని, సాయంకాలము ఇంటివద్ద దూరదర్శినిలో ఆట చూచినాడని తేలినది. అది తనది గదా యని వాని వాదము. చందాదారులు కూర్చుండి, పోనొల్లనివాడు కొన్న వెలకే టిక్కెట్టు చీటీకి తిరిగి యీయవలెను, అది తరువాతి పేరువానికి పోవును, బయట అమ్మినవాని పేరు రెండు వరుసలు ప్రక్కన పెట్టవలెను అని వ్రాసికొనిరి. ఆ వాక్యము నేను చెప్పినది కాదు, పదునెనిమిదవవాడు చెప్పినది. వానికి అప్పటికి వంతు రాలేదు గనుక బుద్ధి పదునుగ నుండెను.

పాపము, ఆ పదునెనిమిదవవానికే అసలు చిక్కు వచ్చినది. 2023 అక్టోబరులో ప్రపంచకప్పు ఆటలు మూడు ఉప్పలులో జరిగినవి. మూడింటను మన దేశపు జట్టు లేదు. టిక్కెట్లు కొల్లలుగ దొరికినవి. వంతు నీది, నెదర్లాండ్సు ఆటకు పొమ్మనిరి. 'ఇదియు ఒక వంతేనా? పొట్టు గింజలు కొలిచి కుంచము నిండినదందురా?' అని వాడు మొండికెత్తినాడు. వాని పక్షమున న్యాయమున్నది. ఆటలన్నియు ఒక్క వెలవి కానప్పుడు వంతులు ఒక్క వెలవి యెట్లగును? చిన్న ఆటకును తుదిపోటీకిని ఒకే పాయింటు వేయుట సరియా యని అడుగుట ఇంగ్లండు అభిమానికిని సహజమే. మావారు రెండు జాబితాలు చేసిరి. మన జట్టు ఆడునది ఒకటి, ఆడనిది ఒకటి. రెండవదాని వంతు పుచ్చుకొన్నను మొదటిదానిలో స్థానము చెడదు.

మా కొత్తకోటకు దాపుననున్న సరళాసాగరమును మీరు చూచియుందురు. 1959లో తెఱచిన ఆ చెఱువున నీరు ఒక మట్టమునకు రాగానే సైఫనులు వాటంతటవే పనిచేసి అదనపు నీటిని దింపును. ఎవని చేయియు తగులదు, ఎవని సిఫారసునకును అది ఎదురుచూడదు. పంపకపు నియమము గూడ అట్లు ముందే అమర్చి పెట్టినదై యుండవలెనని నా కోరిక. ఐతే 2019 డిసెంబరు 31న దాని కట్ట తెగినది గూడ మఱువరాదు. యంత్రము తనంత తాను నడచినను కట్టను ఎవడో ఒకడు చూచుచుండవలెను. మా చందా పుస్తకమును నెలకొకమాఱు ఇద్దఱు వేఱువేఱు చందాదారులు చూచి సంతకము చేయుదురు.

ఇప్పుడు నా ముందున్నది మఱొక తగవు. జాబితాలో పైకి వచ్చిన ఒక కుఱ్ఱవాడు ఉద్యోగమునకై దుబాయి పోయినాడు. అక్కడనుండి చందా పంపుచునే యున్నాడు. తన వంతున తన తమ్ముడు పోవలెనని కోరుచున్నాడు. తమ్ముడు చందాదారుడు కాడు. ఇంగ్లండున గూడ తండ్రి పేరిటి సీజను టిక్కెట్టుతో కొడుకు పోయి కూర్చుండుట కలదు. దానిని కొన్ని సంఘములు ఒప్పును, కొన్ని ఒప్పవు. భూమియైనచో వారసత్వమున్నది. వంతు భూమి వంటిదా, లేక పంక్తిలో వేసిన ఆకు వంటిదా? వంతు మనిషిది గాని ఇంటిది కాదని కొందఱు. చందా అందుచున్నంతవఱకు ఎవని పంపినను మనకేమని కొందఱు. తమ్ముడు తన పేరిట చందా కట్టి చివర చేరవలెననియు, అన్న వంతు అన్న తిరిగి వచ్చువఱకు జాబితాలో కదలక నిలువవలెననియు నా అభిప్రాయము. వారింకను ఒప్పుకొనలేదు. వచ్చు ఆదివారము ఉదయము మరల అరుగుమీద కూడెదమనిరి. చందా పుస్తకమును అప్పటివఱకు నా వద్దనే ఉంచి పోయిరి.